నోరు తిరగని రొట్టెల పేర్లు

మాది వికారాబాదు. ఆ పేరు వినగానే కొత్తవారు చిరునవ్వు నవ్వుతారు. తెలుగులో వికారమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కాని ఈ పట్టణానికి ఆ పేరు వచ్చింది 1893 నుండి 1901 వరకు హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రిగా ఉన్న సర్ వికారుల్ ఉమ్రా వలన. ఉర్దూలో ఆ మాటకు గౌరవము, హుందాతనము అని అర్థం. మన నోటపడి గౌరవం కాస్తా వికారమైంది. అయినా ఊరికి ఏ లోటూ రాలేదు.

ఫ్రెంచి పేర్లకు కూడ ఇక్కడ ఇదే గతి పట్టింది. నిజాం అలీఖాను కొలువులో ఉండి 1798లో మరణించిన సేనాని 'ముస్యూ రేమోఁ' పేరే జనం నోట మూసారాంబాగుగా నిలిచిందని చెబుతారు.

ఈ ప్రస్తావన ఎందుకంటే, ఆ మధ్య తాండూరులో ఉండే మా మేనకోడలు నగరంలో ఒక రొట్టెల దుకాణానికి వెళ్ళింది. అద్దాల వెనుక నెలవంకవంటి పొరల రొట్టె కనిపించింది. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుకుకొని 'క్రోయిసంట్' అన్నది. అమ్మేవాడు నవ్వాడు. ఆ తరువాత ఆ పిల్ల తనకు కావలసినవన్నీ వేలితో చూపిందే గాని నోరు విప్పలేదు. మాటలు వచ్చిన మనిషిని మూగను చేసే పాండిత్యం ఎవరికి కావాలి?

నిజానికి ఈ పలుకుబడి ఇంగ్లీషువారికంటె మనకే సులభం. ఆ రొట్టె పేరు 'క్రువాసాఁ'. అర్థం నెలవంకే. చివరి తకారం పలకదు. దాని ముందున్న నకారం అచ్చును ముక్కులోనికి పంపి తాను మాయమవుతుంది. ఈ ధ్వనికి గుర్తు మనకు ఏనాడో ఉన్నది. 'వాఁడు', 'తోఁట' అని వ్రాసి, పిదప మనం విడిచిపెట్టిన అరసున్నయే అది! 'రెస్తొరాఁ' అన్నా అంతే.

కర్రవలె పొడవైన రొట్టె 'బగెత్'. దానిని 'బాగెట్' అనకండి. ఫ్రెంచివారి తకారం మన తకారమే; నాలుక పళ్ళను తాకవలె. రేఫ మాత్రం గొంతులో పలుకుతుంది. ఉర్దూ తెలిసినవారు 'గజల్' అన్న మాటలోని మొదటి హల్లును తలచుకొంటే చాలును. 'క్రెమ్ బ్రూలే' అనేది మీగడ, గుడ్డుసొన కలిపి చేసి, పైన చక్కెర కాల్చిన తీపి వంటకం. అందులోని 'బ్రూ' మనకు కొత్త. పెదవులను 'ఊ' అనేటట్లు గుండ్రంగా ఉంచి, నాలుకతో 'ఈ' అనండి. అద్దం ముందు నాలుగుసార్లు అంటే పట్టుబడుతుంది.

అట్లని బిస్కట్టును ఫ్రెంచివారివలె 'బిస్క్వీ' అనవలసిన పని లేదు. రెండుమార్లు కాల్చినదని దాని అర్థం. అది మన చాయలో ఎన్నడో నాని తెలుగు మాట అయిపోయింది. ఇంటిదైన మాటను ఇంటిదిగానే ఉంచుకొందాము. కొత్తగా వచ్చిన మాటను వీలైనంతవరకు దాని సొంత పలుకుతోనే పిలుద్దాము. ఇక దుకాణాలవారికి ఒక మనవి. ఎవరైన తప్పు పలికితే నవ్వకండి. సరియైన పేరు మెల్లగా పలుకుతూ రొట్టె చేతికివ్వండి. మరునాడు వారు ఆ పేరుతోనే అడుగుతారు.