కడుపుతో ఉన్న మనిషి చివర ఎందుకు తినాలి?

(పాడేరు ఏజెన్సీలో జరిగిన ఒక యువజన సమావేశంలో ఒక ఆశా కార్యకర్త మాట్లాడిన మాటలకు రాతరూపం ఇది. మాట తీరు చాలావరకు అలాగే ఉంచాం.)



ఇప్పుడు గర్భిణుల ఆహారం గురించి మాట్లాడతారని మైకులో చెప్పగానే వెనక కూర్చున్న తమ్ముళ్లు ఏడెనిమిది మంది లేచి చింతచెట్టు కిందకి వెళ్లిపోయారు. ఒక తమ్ముడైతే నన్నే అడిగాడు, "అక్కా, ఇది ఆడోళ్ల మీటింగులో చెప్పాల్సింది కదా" అని. పోడు పట్టాల గురించి మాట్లాడినంతసేపూ మాత్రం ఎవరూ కదల్లేదు. ఆడోళ్ల మీటింగుల్లో నేను పద్నాలుగేళ్లుగా చెప్తూనే ఉన్నాను తమ్ముడూ. వాళ్లకి తెలుసు. విని తలాడిస్తారు, ఇంటికెళ్తారు. ఇంటికెళ్తే కుండ వాళ్ల చేతిలో ఉండదు. అందుకే మీకు చెప్దామని వచ్చాను.

మన ఇళ్లల్లో రాత్రి అన్నం ఎలా వడ్డిస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు మావయ్య తింటాడు. తర్వాత మొగుడు, మరుదులు, పిల్లలు. తర్వాత అత్త. అందరిదీ అయ్యాక కోడలు కూర్చుంటుంది. అప్పటికి గిన్నె అడుగున పులుసు ఉంటుంది, ముక్క ఉండదు. కోడి కోసిన రోజైనా అంతే. ఆమె కడుపుతో ఉన్నా ఈ వరస మారదు. పైగా "ఎక్కువ తినకమ్మా, బిడ్డ పెద్దదైపోతే కాన్పు కష్టమవుద్ది" అని ఉన్న అన్నం కూడా తగ్గిస్తారు. ప్రేమతోనే చెప్తారు, నేను కాదనను. మా అత్త కూడా ప్రేమతోనే చెప్పింది.

నా మొదటి కాన్పు అలాగే జరిగింది. అప్పటికి నేను ఆశా వర్కర్ని కాదు. కళ్లు తిరిగేవి, గెడ్డ నుంచి నీళ్లు తెస్తుంటే నాలుగుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. నీరసం కడుపుతో ఉంటే మామూలేలే అనుకున్నాం. ఎనిమిదో నెలలో నొప్పులొచ్చాయి, డోలీ కట్టి దించారు. రక్తం చూస్తే ఆరు గ్రాములు. బిడ్డ కిలోన్నర కూడా లేదు. తొమ్మిది రోజులు బతికాడు. ఈ మాట చెప్పి మిమ్మల్ని ఏడిపించాలని కాదు. కోళ్లు, చోళ్లు, కందులు, చెట్టు నిండా పనసకాయలు ఉన్న ఇంట్లో నాకు రక్తం ఎందుకు లేదో చాలా రోజులు ఆలోచించాను. తిండి లేక కాదు. నా వంతు వచ్చేసరికి అది అయిపోయేది.

గర్భిణికి రక్తం, అంటే హిమోగ్లోబిన్, 11 గ్రాములు ఉండాలి. ఏడు కంటే తగ్గితే ప్రమాదం. అలాంటి మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తం పోయినా తట్టుకోలేదు. అందుకే మీ ఊళ్లో ఎవరైనా కడుపుతో ఉంటే "ఎన్నో నెల" అని అడిగి ఊరుకోకండి, "రక్తం ఎంతుంది" అని కూడా అడగండి. ఆమె కార్డులో రాసి ఉంటుంది. రాయకపోతే నన్ను నిలదీయండి.

మరి ఏం తినాలి? చాలామంది అనుకుంటారు, యాపిల్ కొనాలి, టీవీలో చూపించే పొడి డబ్బా కొనాలి, అవి మనవల్ల కాదు అని. ఆ డబ్బా మనకి అక్కర్లేదు. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. మన తాతలు చోడి అంబలి తాగింది బీదరికం వల్లనే అని స్కూల్లో మనకి సిగ్గు నేర్పారు. రేషన్ బియ్యం వచ్చాక చోళ్లు, సామలు, కొర్రలు సంతకి పోయాయి, అక్కణ్నుంచి పట్నంలో షుగరున్న వాళ్ల ఇంటికి పోయాయి. వాటిని అమ్మొద్దని నేను చెప్పను, డబ్బు అవసరమే. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే తొమ్మిది నెలలకీ, తర్వాత పాలిచ్చే రోజులకీ సరిపడా ఒక గాదె పక్కన పెట్టి మిగతాది అమ్మండి అంటున్నాను.

చోళ్లతో పాటు పప్పు కావాలి. కందిపప్పు, రాజ్మా మనం పండించేవే. మునగాకు, తోటకూర, పొలం గట్టు మీద దొరికే ఆకుకూర ఏదైనా రోజూ ఒక గుప్పెడు. గెడ్డలో చేపలు, పీతలు. మీ ఇంట్లో తినే మాంసం ఏదైనా సరే, బాగా ఉడికించి ఆమెకి రెండు ముక్కలు ముందే తీసి పెట్టండి. గుడ్డు రోజుకొకటి. కూరలో నిమ్మకాయ పిండినా, పక్కన ఉసిరికాయ తిన్నా ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మొదటి మూడు నెలల్లో వాంతులతో ఒకేసారి తినలేదు, కాబట్టి కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. తొమ్మిది నెలల్లో ఆమె బరువు 10 నుంచి 12 కిలోలు పెరగాలి. అలా పెరిగితే బిడ్డ కాన్పు కష్టమయ్యేంత పెద్దది కాదు, బతికేంత బరువు ఉంటుంది.

ఉప్పు గురించి ఒక మాట. సంతలో కళ్లుప్పు చవగ్గా దొరుకుతుందని బస్తా తెస్తాం. కొండల మీద మనకి అయోడిన్ తక్కువ, గొంతు వాపులు మీరు చూసే ఉంటారు. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ కావాలి. ప్యాకెట్ మీద అయోడిన్ ఉప్పు అని చూసి కొనండి.

ఇక మాత్రలు. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇది. ఎర్ర మాత్ర, ఐరన్‌ది, నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు. మేం ఇస్తాం, వాళ్లు తీసుకుంటారు, నేను ఇళ్లకి వెళ్లి చూస్తే అట్టలకి అట్టలు చూరులో దోపి ఉంటాయి. ఎందుకమ్మా అంటే "వికారం, విరేచనం నల్లగా అవుతోంది" అంటారు. నల్లగా అవడం రోగం కాదు, ఆ మాత్ర తీరే అంత. వికారమైతే రాత్రి అన్నం తిన్నాక పడుకోబోయే ముందు వేసుకోండి. టీతో, కాఫీతో మాత్రం వేసుకోవద్దు. అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మన కాఫీ తోటలు మనకి నాలుగు డబ్బులు తెచ్చాయి సరే, అన్నం తినగానే గ్లాసు నల్ల టీయో కాఫీయో తాగే అలవాటు కూడా తెచ్చాయి. కడుపుతో ఉన్న మనిషి తిండికీ టీకీ మధ్య గంటైనా గడవనివ్వాలి. కాల్షియం మాత్ర రోజుకి రెండు, అదీ ఐరన్ మాత్రతో కలిపి వద్దు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి ఎర్ర మాత్ర. ఇది గుర్తు పెట్టుకోవాల్సింది మొగుడు. ఫోన్లో అలారం పెట్టుకోవడం మీ అందరికీ వచ్చు కదా.

వద్దన్నవి కొన్నే చెప్తాను. జీలుగు కల్లు బలం అని చెప్పి గర్భిణికి పోస్తారు, వద్దు. సారా అసలే వద్దు. అమ్మలూ, అడ్డపొగ కూడా మానాలి. మీరు మానినా పక్కన కూర్చుని మావయ్య చుట్ట కాలిస్తే ఆ పొగ కూడా బిడ్డకి పోతుంది, ఆయన్ని అరుగు మీదకి పంపండి. అడవి దుంపల్ని మన పెద్దోళ్ల పద్ధతిలోనే నానబెట్టి, నీళ్లు మార్చి ఉడకబెట్టాలి, తొందర పడకూడదు. బూజు పట్టిన మామిడి టెంకతో అంబలి కాయొద్దు. దాంతో మనుషులు చచ్చిపోయిన ఊళ్లు ఒడిశాలో ఉన్నాయి. పచ్చి బొప్పాయి వద్దు. పండు బొప్పాయి, జంట అరటిపండు, గుమ్మడికాయ వీటికి భయపడక్కర్లేదు. జంట అరటిపండు తింటే కవలలు పుట్టేటట్లయితే మా ఇంట్లో ఈపాటికి పదిమంది ఉండాలి.

జ్వరం వస్తే ఆ రోజే నా దగ్గరికి రండి. మలేరియా కిట్టు నా సంచిలోనే ఉంటుంది, చుక్క రక్తం చాలు. మలేరియా గర్భిణి రక్తాన్ని తినేస్తుంది, బిడ్డ బరువు తగ్గిపోతుంది. దీసరి దగ్గరికి వెళ్లొద్దని నేనెప్పుడూ అనలేదు. వెళ్లే దారిలో మా ఇంటి దగ్గర ఆగి ఆ చుక్క ఇచ్చి వెళ్లండి. ఇంట్లో ఉన్న ఒక్క దోమతెర కూడా ఆమెకే కట్టండి. అది చేపలు పట్టడానికి కాదని వేరే చెప్పాలా?

సికిల్ సెల్ పరీక్ష పెళ్లికి ముందే ఇద్దరూ చేయించుకోండి. ఆదివాసుల్లో ఈ జబ్బు ఎక్కువ. గర్భిణికి అది ఉంటే ఐరన్ మాత్ర ఎంత వేయాలో, వేయాలో వద్దో డాక్టరే చెప్పాలి. నేను అట్ట ఇచ్చేశానని మింగేయొద్దు. ఆమె నీళ్లు బాగా తాగాలి, చలిలో తడవకూడదు, ఒళ్లు నొప్పులంటే తేలిగ్గా తీసుకోకూడదు.

పని మానేయమంటే మన ఇళ్లల్లో కుదరదని నాకు తెలుసు. నడక మంచిదే. కట్టెల మోపు, రెండు బిందెలు మాత్రం తొమ్మిది నెలలూ మీరు మోయండి తమ్ముళ్లూ. పగలు రెండు గంటలు ఆమెని ఎడమ పక్కకి పడుకోనివ్వండి. నిద్రపోతున్న కోడల్ని బద్ధకస్తురాలు అనే నోళ్లు ఊళ్లో ఉంటాయి, వాటికి జవాబు మీరే చెప్పాలి.

ఇంత చెప్పి బాధ్యతంతా ఇంటి మీదే వేశానని అనుకోకండి. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికీ, కాన్పయిన ఆర్నెల్ల దాకా తల్లికీ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం, 6,000 రూపాయలకి తగ్గని ప్రసూతి సాయం ఇవ్వాలని చెప్తోంది. అటు తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద ఒక పూట అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఇది ఎవరి దయా కాదు. కొండ మీది గూడేనికి గుడ్లు నెలకోసారి, అవీ సగం పగిలి వస్తే, ఆ పంచాయతీ యువకులు రిజిస్టరులో సంతకాలు ఎన్ని ఉన్నాయో, గుడ్లు ఎన్ని వచ్చాయో లెక్క చూడాలి. అంగన్‌వాడీ అక్కతో గొడవ పడకండి, చాలాసార్లు ఆమె కూడా ఎదురు చూస్తూనే ఉంటుంది. లెక్క రాసి పై అధికారికి ఇవ్వండి. పట్టాల కోసం ఐటీడీఏ ముందు కూర్చున్నాం కదా, గుడ్ల కోసం ఒక్కసారైనా కూర్చున్నామా?

చివరికి డోలీ. రోడ్డు వచ్చేదాకా పోరాడాలి, కానీ నొప్పులు రోడ్డు కోసం ఆగవు. డాక్టరు చెప్పిన తేదీకి వారం పది రోజుల ముందే ఆమెని కిందకి దించండి. గర్భిణుల వసతి గృహం ఉన్నచోట అక్కడ, లేకపోతే రోడ్డు పక్క చుట్టాలింట్లో ఉంచండి. ఆమె వెళ్లనంటుంది, ఎందుకంటే ఇంట్లో మిగతా పిల్లలకి వండేదెవరు? ఆ వండడం మీరు ఇప్పట్నుంచే నేర్చుకోండి. ఈలోగా రక్తం కనిపించినా, మొహం, చేతులు వాచినా, తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి సిగ్నల్ ఏ మలుపు దగ్గర దొరుకుతుందో ఊళ్లో ప్రతి కుర్రాడికీ తెలిసి ఉండాలి.

నా సంచిలో ఈ నెల మాత్రల అట్టలున్నాయి, రక్తం చూసే కిట్టు కూడా ఉంది. చింతచెట్టు కింద ఉన్న తమ్ముళ్లని పిలవండి. భోజనాలకి ముందు ఒక్కో ఊరు లేచి తమ ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లు ఎంతమందో చెప్పాలి, నేను రాసుకుంటాను. తెలియకపోతే తెలియదని చెప్పండి, సాయంత్రం ఇంటికెళ్లి కనుక్కుని నాకు ఫోన్ చెయ్యండి.