హోమ్ థియేటర్‌కు ఏ డిస్క్ ప్లేయర్?

స్పీకర్ల కోసం నెలల తరబడి వెతికినవాళ్లు కూడా డిస్క్ ప్లేయర్ దగ్గరికొచ్చేసరికి చేతికందింది కొనేస్తుంటారు. శబ్దం మొదలయ్యేదే అక్కడ!

డీవీడీలో డాల్బీ డిజిటల్ సెకనుకు 448 కిలోబిట్లు దాటదు. చోటు చాలక బాగా కుదించి ఎక్కించిన శబ్దమది. బ్లూ-రేలో ఒక పొరకే 25 గిగాబైట్లు, రెండు పొరలైతే 50. అందుకే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో పద్ధతుల్లో స్టూడియో మిక్సింగ్ ఏ నష్టమూ లేకుండా అందులో ఇముడుతుంది.

ఆ శబ్దాన్ని ఆప్టికల్ కేబుల్ మోయలేదు, హెచ్‌డీఎంఐ కావాలి. ప్లేయర్ సెట్టింగుల్లో బిట్‌స్ట్రీమ్ ఎంచుకుని, సెకండరీ ఆడియో ఆపేయాలి. ఇది మరిచిపోతే ఎంత మంచి డిస్కు పెట్టినా రిసీవర్ మీద డాల్బీ అట్మాస్ అన్న పేరు కనబడకపోవచ్చు.

4కే బొమ్మను దాటించలేని పాత రిసీవర్ ఉన్నవారికి రెండు హెచ్‌డీఎంఐ ఔట్‌పుట్‌లున్న ప్లేయరే మేలు. సోనీ యూబీపీ-ఎక్స్800ఎం2 అలాంటిది. ఒక కేబుల్ టీవీకి, ఇంకొకటి రిసీవర్‌కు. ఎస్ఏసీడీ పాటల డిస్కులు కూడా ఇందులో పాడతాయి.

అమెరికాలో ఉన్న పిల్లల చేత ప్లేయర్ తెప్పించుకునేవారు అది ఏ రీజియన్ డిస్కులు ఆడిస్తుందో చూసుకోవాలి. బ్లూ-రేలకు అక్కడ ఏ, మనకు సీ. డీవీడీలకు అక్కడ 1, మనకు 5. 4కే డిస్కులకు ఈ బెడద లేదు.

అభిమానులు మెచ్చిన ఒప్పో 2018లో ప్లేయర్ల తయారీ ఆపేసింది. అలాంటివి సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే, రెండు పొరల డిస్కు ఒకటి మొదటినుంచి చివరిదాకా ఆడించి చూశాకే డబ్బివ్వాలి. లెన్సు బలహీనపడితే పొర మారేచోట బొమ్మ ఆగిపోతుంది.