అగాదె: జాడ దొరకని తొలి సామ్రాజ్య రాజధాని

క్రీ.పూ. 24వ శతాబ్దం నాటికి టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల దిగువన ఉన్న సుమేరు ఒక్క ఏలుబడిలోని దేశం కాదు. ఉర్, ఉరుక్, లగాష్, ఉమ్మా, కిష్ వంటి నగరాలలో ఎవరి కోటగోడ వారిది, ఎవరి దేవుడు వారివాడు. కాలువ నీళ్ల కోసం, సరిహద్దు పొలాల కోసం లగాష్, ఉమ్మా తరతరాలుగా తగవులాడుకున్నాయి. ఉమ్మా పాలకుడు లుగాల్‌జగేసి ఉరుక్‌ను వశం చేసుకుని సుమేరు నగరాలను తన కిందికి తెచ్చుకున్నాడు. అతన్ని ఓడించి, మెడకు బొండకొయ్య తగిలించి, నిప్పూర్‌లోని ఎన్లిల్ దేవాలయ ద్వారం దగ్గరికి నడిపించినవాడు అగాదె (అక్కాద్) రాజధానిగా ఏలిన సార్గోన్. సాధారణంగా అంగీకరించే కాలగణన ప్రకారం అతని పాలన క్రీ.పూ. 2334 నుంచి 2279 వరకు.

అతను పుట్టింది ఏ రాజవంశంలోనో కాదు. సుమేరు రాజుల జాబితా అతన్ని కిష్ రాజు ఊర్-జబాబాకు పానపాత్ర అందించే కొలువుకాడని చెబుతుంది. పూజారిణి అయిన తల్లి రహస్యంగా కని, తారు పూసిన రెల్లుబుట్టలో పెట్టి నదిలో వదిలితే, నీళ్లు తోడే అక్కీ అనేవాడు పెంచాడన్న కథ మరొకటుంది. తెలుగువారికి వెంటనే కర్ణుడు గుర్తొస్తాడు. కానీ ఆ కథ ఉన్న పలకలు సార్గోన్ కాలానికి పదిహేను వందల ఏళ్లు దాటాక రాసినవి. చరిత్రకు వాటిని ఆధారంగా పట్టుకోలేం.

గట్టి ఆధారం నిప్పూర్‌లో దొరికింది. అక్కాద్ రాజులు ఎన్లిల్ గుడిలో నిలిపిన విగ్రహాలు నేడు లేవు. వాటి మీది శాసనాలను మాత్రం కొన్ని వందల ఏళ్ల తరవాతి లేఖకులు మట్టి పలకల మీదికి ఎక్కించుకున్నారు. ఏ వాక్యం పీఠం మీద ఉందో కూడా విడిగా గుర్తుపెట్టి రాశారు. అంత శ్రద్ధ గల నకళ్లు దొరకడం అదృష్టమే. 34 యుద్ధాలు గెలిచానని, మెలుహ్హా, మగన్, దిల్మున్ దేశాల ఓడలను అగాదె రేవులో కట్టించానని, రోజూ తన ఎదుట 5,400 మంది భోజనం చేస్తారని సార్గోన్ వాటిలో చెప్పుకున్నాడు. రాజుల గొప్పలకు కొంత తరుగు వేసుకోవలసిందే. అయినా నగరాల తగవుల కాలం పోయి, కూడుపెట్టి పోషించే స్థిరమైన సైన్యం, కొలువు ఏర్పడ్డాయని ఆ భోజనాల లెక్క చెబుతోంది.

గెలవడం కంటే నిలబెట్టడం కష్టం. సార్గోన్ ఓడిన నగరాల గోడలు కూల్చి, తన మనుషులను అధికారులుగా నియమించాడు. లెక్కలకు అక్కాదీ భాష వచ్చింది. సుమేరుల క్యూనిఫాం లిపిలోనే ఆ సెమిటిక్ భాషను రాశారు. ధాన్యం కొలతకు అగాదె ప్రమాణం ఒకటి నడిచింది. కూతురు ఎన్‌హెదువాన్నాను ఉర్‌లో చంద్రదేవుడి ప్రధాన పూజారిణిని చేశాడు. ఆమె పేరున్న చలువరాతి బిళ్లను లియొనార్డ్ వూలీ 1927లో ఉర్‌లో వెలికితీశాడు. ప్రపంచంలో పేరు తెలిసిన తొలి రచయితగా ఆమెనే చెబుతారు. ఇంత చేసినా సార్గోన్ కొడుకు రిముష్ కాలంలో సుమేరు నగరాలు తిరగబడ్డాయి. రిముష్ వాటిని నెత్తురుతో అణిచాడు.

సార్గోన్ మనవడు నరాం-సిన్ కాలంలో సామ్రాజ్యం పతాకస్థాయికి చేరింది. ఉత్తర ఇరాక్‌లోని బస్సెట్కి దగ్గర దొరికిన రాగి విగ్రహం మీది శాసనం ఇక్కడ ముఖ్యం. ఒకే ఏడాదిలో తొమ్మిది యుద్ధాలు గెలిచి నగరాన్ని కాపాడినందుకు, నరాం-సిన్‌ను తమ నగర దేవుడిగా అనుగ్రహించమని అగాదె ప్రజలు ఇష్టార్, ఎన్లిల్ మొదలైన దేవతలను వేడుకున్నారట. ఊరి నడుమ అతనికి గుడి కట్టారట. అగాదె జనం గొంతు ఈ మాత్రంగానైనా వినిపించే రాత మరొకటి అరుదు.

సార్గోన్ శాసనంలోని మెలుహ్హా అంటే సింధులోయ ప్రాంతమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మెలుహ్హా భాషకు దుభాషిగా పనిచేసిన షూ-ఇలిషు ముద్ర ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. సింధు లిపి ఇంకా చదవలేకపోతున్న మనకు, ఆ భాష తెలిసిన ఒక మనిషి పేరు అక్కాదీలో మిగలడం చిన్న సంగతి కాదు.

నరాం-సిన్ కొడుకు షర్-కలి-షర్రి తరవాత సింహాసనం కోసం కొట్లాటలు మొదలయ్యాయి. కొండజాతి గూటియన్లు దిగివచ్చారు. క్రీ.పూ. 2154 ప్రాంతంలో వంశం అంతరించింది. అంతకుముందే, సుమారు క్రీ.పూ. 2200లో, దీర్ఘకాలపు కరువు ఉత్తర సిరియాను ఎండగట్టిందని టెల్ లైలాన్ తవ్వకాల ఆధారంగా హార్వే వైస్ బృందం 1993లో ప్రతిపాదించింది. వానాధారపు పంట పోవడం పెద్ద దెబ్బే. కానీ తిరుగుబాట్లు రిముష్ నాటి నుంచీ ఉన్నాయి. పతనాన్ని కరువు ఒక్కదాని ఖాతాలో వేయడం సరికాదు.

నరాం-సిన్ ఎన్లిల్ గుడిని కూల్చాడని, దేవతలు శపించి అగాదెను పాడుపెట్టారని ఆ తరవాత సుమేరు కవులు ఒక కావ్యం అల్లారు. నగరం అప్పుడే మట్టిలో కలిసిందన్న నమ్మకానికి మూలం అదే. నిజానికి క్రీ.పూ. 18వ శతాబ్దంలో హమ్మురాబి తన శాసన పీఠికలో అగాదెలోని ఇష్టార్ గుడి ఎఉల్మష్‌ను పేర్కొన్నాడు. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో బాబిలోన్ రాజు నబోనిదస్ ఆ గుడి పాత పునాదుల కోసం తవ్వించాడు. క్రీ.పూ. 539లో బాబిలోన్‌ను గెలిచిన సైరస్ తన శాసనంలో, దేవతలను తిరిగి పంపిన ఊళ్లలో అగాదెను చేర్చాడు. సామ్రాజ్యం పోయాక కూడా ఆ ఊరు పదహారు వందల ఏళ్లు నిలిచింది. శాపం కథను ఇక పక్కన పెట్టవచ్చు.

ఆ తరవాత ఊరు జాడ తప్పింది. కట్టడాలు పచ్చి ఇటుకవి. నదులు దారులు మార్చుకుని ఒండ్రు పరిచాయి. కిష్ పరిసరాలను, బాగ్దాద్ చుట్టుపక్కల పాటిదిబ్బలను పండితులు పరిశీలించారు. టైగ్రిస్‌లో దియాలా కలిసే ప్రాంతానికి ఇప్పుడు మొగ్గు ఎక్కువ. ఏ దిబ్బలోనూ అగాదె అని తేల్చే రాత ఇంతవరకు బయటపడలేదు.

2003లో ఇరాక్ మ్యూజియం లూటీలో బస్సెట్కి విగ్రహం కూడా పోయి, అదే ఏడాది తిరిగి దొరికింది. దక్షిణ ఇరాక్ దిబ్బలలో దొంగలు తవ్వి అమ్ముకున్న పలకలకు అలాంటి అదృష్టం లేదు. అవి చేతికి వచ్చినా ఏ దిబ్బలోవో తెలియదు. అగాదె విషయంలో తెలియాల్సింది సరిగ్గా అదే. నగరాన్ని వెతకడం కంటే ముందు ఆ దిబ్బలకు కాపలా పెట్టాలి. దొంగిలించిన పలకలను కొనడం మ్యూజియంలు, సేకర్తలు పూర్తిగా మానాలి.