కాగితాలు అడిగాం, మనిషిని అడగలేదు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మానసిక ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, మీలాగే ఊళ్లు తిరిగే కార్యకర్తను. అందుకని పాఠం చెప్పకుండా, నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

2016లో జనగామ వైపు ఒక ఊళ్లో అప్పుల బాధతో ఒక రైతు చనిపోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు మిగిలారు. 2004 నాటి 421వ నంబరు జీవో ప్రకారం త్రిసభ్య కమిటీ విచారణ జరగాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం పరిహారాన్ని 6 లక్షలు చేసింది. ఆ పరిహారం కోసం ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాం. పాసుపుస్తకం, అప్పు కాగితాలు, పోస్టుమార్టం రిపోర్టు, ఎఫ్ఐఆర్ నకలు అన్నీ ఫైలులో పెట్టించాం. పని బాగా చేశామనుకున్నాం. మూడు నెలలకు ఆమె కూడా ప్రాణం తీసుకోబోయింది. పక్కింటామె చూసి 108కి ఫోను చేయబట్టి బతికింది.

ఆసుపత్రిలో ఆమె నాతో ఒకే మాట అన్నది. "గింత మంది అచ్చిన్రు. పాసుబుక్కు అడిగిన్రు, ఆధార్ అడిగిన్రు. రాత్రి నిద్ర వడ్తుందా పిల్లా అని ఒక్కలన్న అడగలె."

అడగనివాళ్లలో నేనూ ఒకదాన్ని.

వాంగ్మూలం రాసుకోవడానికి కానిస్టేబులు వస్తే ఆమె తల్లి "కడుపు నొప్పి భరించలేక" అని రాయించింది. కేసవుతుందని భయం, పరువు పోతుందని భయం. మీరు పేపర్లు తిరగేయండి. జిల్లా పేజీల్లో ఎంతమంది ఆడవాళ్లు ఈ కడుపు నొప్పితోనే పోయారో! భర్త కొట్టినా, అప్పు ఇచ్చినవాడు గడప దగ్గర కూర్చుని తిట్టినా, కాన్పు తర్వాత మనసు కుంగిపోయినా, చివరికి కాగితం మీద మిగిలేది కడుపు నొప్పే. కారణం కాగితం ఎక్కకపోతే హక్కు కూడా ఎక్కదు.

ఈ తప్పు నా ఒక్కదానిదే కాదు. 1997-98లో పత్తిని పురుగు తినేసిన ఏడాది గుర్తుందా? అప్పుడు మన మూడు జిల్లాల్లో చాలా భాగం వరంగల్ జిల్లాలోనే ఉండేది. మందుల దుకాణాల గురించి, వడ్డీ గురించి, కల్తీ విత్తనాల గురించి మనం గట్టిగా మాట్లాడాం. మాట్లాడాల్సిందే. కానీ మిగిలిన స్త్రీలు ఆ రాత్రులు ఎట్లా గడిపారో మన నివేదికల్లో వెతికినా దొరకదు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో సీతారాం తండా మునిగింది. బియ్యం, దుప్పట్లు, గిన్నెలు పంచడం మనకు వచ్చు. వాన చప్పుడు వింటేనే వణికిపోయే మనిషి దగ్గర కూర్చోవడం మనకింకా రాలేదు.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. "అప్పు వల్ల, హింస వల్ల వచ్చిన బాధకు గోళీలేమిటి? అన్యాయాన్ని జబ్బుగా మార్చేయడం కాదా?" ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను. మొగుడు కొడుతుంటే ఆమెకు నిద్రగోళీలు ఇచ్చి పంపించే వైద్యాన్ని మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ వ్యవస్థ మారేదాకా ఆమె బతికి ఉండాలి కదా! అప్పు మీద పోరాటమూ కావాలి, ఈ రాత్రి ఆమె పక్కన మనిషీ కావాలి. ఒకటి రెండోదానికి అడ్డం కాదు.

మరి మనమేం చేయగలం?

మొదటిది, అడగడం. నిద్ర పడుతోందా, తింటున్నావా అని అడగండి. అనుమానం ఉంటే సూటిగానే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని కూడా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం. అది నిజం కాదు. అడిగితే గుండె బరువు దిగుతుంది. ఆమె చెప్పేటప్పుడు "పిల్లల మొహం చూసి బతుకు" అనకండి. ఆ మాట ఆమెకు ఇంకో నేరం మోపినట్టే. అత్తగారి ముందు, మొగుడి ముందు అడగకండి.

రెండోది, ఒంటరిగా వదలకపోవడం. ఇంట్లో పురుగుమందు ఉంటే వేరేచోట తాళం వేసి పెట్టించండి. ఇది చిన్న పని కాదు. ఆ ఘడియ దాటితే చాలామంది బతుకుతారు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. 1995 నుంచి 2015 మధ్య అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. అంటే ఇది దుకాణాల మీద, ప్రభుత్వం మీద మనం పెట్టాల్సిన డిమాండు కూడా.

మూడోది, ఫోను. 14416 అనే టెలిమానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 108. హింస ఉంటే 181, సఖి కేంద్రం. నంబరు రాసిచ్చి రావడం సాయం కాదు, పక్కన కూర్చుని మీరే కలపండి. తండాల్లో పెద్దవాళ్లకు తెలుగులో మనసు విప్పడం కష్టం. లంబాడీ మాట్లాడే చెల్లెలు తోడుండాలి.

నాలుగోది, వెంట వెళ్లడం. మహదేవపూర్ నుంచి వరంగల్ ఎంజీఎంకు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో టికెట్టు లేదు గానీ తోడు లేని ఆడది బస్సెక్కదు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడి ఆసుపత్రికి మీరే వెళ్లి మానసిక వైద్యుడు ఏ రోజు చూస్తాడు, మందులు ఉన్నాయా అని కనుక్కోండి. లేకపోతే కలెక్టరుకు అర్జీ పెట్టండి. ఎందుకంటే ఇది దయ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను ప్రకారం ప్రభుత్వం నడిపే మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు.

ఆ చట్టంలో మనకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా చూడాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 లేదు. కానీ అధికారి మీద ఒత్తిడి తేవడానికి అలా ప్రయత్నిస్తే 226 కింద నేరమే. కలెక్టరాఫీసు ముందు మందు డబ్బాతో నిలబడే తల్లులకు ఈ సంగతి మనం చెప్పాలి. 14వ సెక్షను ప్రకారం, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని స్త్రీ తానే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. అది భర్తే కానక్కర్లేదు. అక్క కావచ్చు, సంఘంలోని స్నేహితురాలు కావచ్చు. పిచ్చిదని ముద్రవేసి ఆస్తి నుంచి, పిల్లల నుంచి గెంటేసే కుటుంబాలను మనం చూశాం కదా. వైద్యం చేయించుకున్నంత మాత్రాన ఆమె మతిస్థిమితం లేనిది కాదు. ఆ మాట చెప్పాల్సింది కోర్టు, అత్తగారు కాదు.

అయిదోది, మళ్లీ వెళ్లడం. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తర్వాతి వారాలే గండం. కుంగుబాటుకు వాడే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే "ఏం గుణం లేదు" అని ఆపేస్తారు. డాక్టరును అడగకుండా ఆపనీయకండి.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో ముసలమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. మనసు కుంగినవాళ్లు వచ్చి ఆ అమ్మమ్మల పక్కన కూర్చుంటారు. మామూలు వైద్యం కంటే వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లకే ఎక్కువ మేలు జరిగిందని 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది. మన ఊళ్లలో అరుగులున్నాయి, అమ్మమ్మలున్నారు, పొదుపు సంఘాల మీటింగులున్నాయి. ఆ మీటింగులో కిస్తీ అడిగే ముందు మనిషిని అడగడం మొదలుపెడదాం.

నేను చెప్పిన ఆమె ఇప్పుడు బాగుంది. మందులు చాలాకాలం వాడింది. పరిహారం ఆలస్యంగానైనా వచ్చింది. ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఎవరింట్లోనైనా చావు జరిగితే మాకు ముందు ఫోను చేసేది ఆమే. మేం ఫైలు పట్టుకుని వెళ్లేసరికి ఆమె అప్పటికే ఆ ఇంట్లో, ఆ స్త్రీ పక్కన కూర్చుని ఉంటుంది.

ఇక్కడి నుంచి వెళ్లాక మీ మండలంలో ఈ ఏడాది అలా మిగిలిపోయిన స్త్రీలు ఎవరెవరో రాసుకోండి. వచ్చే వారం ఒక్కరింటికైనా వెళ్లండి. మొదటిసారి ఫైలు తీసుకెళ్లకండి.