మంద కాసే కుక్కను కొనేముందు
(మోతెలో జరిగిన గొర్రెల కాపరులు, రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంఘం మీటింగు అంటే మద్దతు ధర, కాలువ నీళ్లు, కరెంటు అనుకొని వచ్చారు. ఇయ్యాల కుక్క గురించి మాట్లాడతామంటే వెనక కూర్చున్న కొందరు నవ్వారు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ తెల్లారి దొడ్డికి పోయి చూసేసరికి పది గొర్రెలు మెడలు చీరుకొని పడి ఉంటే ఆ ఇంట్లో ఎవరూ నవ్వరు. ఊరకుక్కల గుంపు ఆకలికి ఒక గొర్రెను పట్టి తిని పోదు. జీవాలు బెదిరి ఉరికినకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి కొరుకుతూ పోతుంది. చచ్చినవాటి లెక్క ఒకటి, గాయపడి వారం తర్వాత చచ్చేవాటి లెక్క ఇంకొకటి. చూలు గొర్రెలు ఈసుకుపోవడం ఎవరి లెక్కలోనూ రాదు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మన తెలంగాణే మొదటిది. దాదాపు 1 కోటి 90 లక్షల గొర్రెలు. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకం కింద 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. గొర్రె గురించి, దాణా గురించి, బీమా గురించి ఆలోచించారు. రాత్రిపూట ఆ మందను ఎవరు కాయాలన్నది ఎవరూ ఆలోచించలేదు. ఆ భారం కాపరి మీద, అతని గొంగడి మీద, పక్కన పండుకునే కుక్క మీద పడింది.

అందుకే ఇప్పుడు మన పిల్లలు ఫోన్లలో వెతుకుతున్నారు. కంగాల్ అంట, అలాబాయ్ అంట, టిబెటన్ మాస్టిఫ్ అంట. తోడేలును తరిమే కుక్క, సింహాన్ని ఆపే కుక్క అని వీడియోలు. వేలకు వేలు, కొన్నిటికి లక్షలు అడుగుతున్నారు. రెండు పొట్టేళ్లు అమ్మి పిల్లను తెచ్చుకోవాలా అని మమ్మల్ని అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసమే ఈ మాటలు.

ముందు ఆ కుక్కలు ఎక్కడివో చూద్దాం. కంగాల్ అనేది టర్కీ దేశంలో సివాస్ రాష్ట్రంలోని ఒక ఊరు పేరు. ఆ ఎత్తైన మైదానంలో గొర్రెలు కాసేవాళ్లు పెంచిన కుక్క అది. ఒళ్లు గోధుమ రంగు, మూతి నలుపు. మగది 50 కిలోల పైనే తూగుతుంది. తోడేలు గొంతు పట్టకుండా మెడకు ఇనప ముళ్ల పట్టా కడతారు. దాన్ని రాజులు పెంచలేదు, మనలాంటి కాపరులే పెంచారు. ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. దాని పాతకాలపు తిండి మాంసం కాదు, బార్లీ పిండిని వేడినీళ్లలోనో పాలవిరుగుడు నీళ్లలోనో కలిపిన ముద్ద. మన జొన్న గట్కకు అక్కచెల్లెలు అనుకోండి.

అంత దూరం ఎందుకు, మన హిమాలయాల్లోనే అలాంటివి ఉన్నాయి. హిమాచల్‌లో గద్ది కాపరుల కుక్క, కశ్మీర్‌లో బకర్వాల్‌ల కుక్క. చిరుతపులులున్న కొండల్లో మందల వెంట నడుస్తాయి, వాటికీ ముళ్ల పట్టాలే. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గద్ది కుక్కను దేశీ జాతిగా గుర్తించింది. అంతకుముందే కర్ణాటక ముధోల్‌ను, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారైలను గుర్తించింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ముధోల్ కుక్క మనకు దగ్గర్లో దొరుకుతుంది, మన ఎండను తట్టుకుంటుంది. మంచిదే. కానీ అది వేట కుక్క. సన్నని నడుము, పొడుగు కాళ్లు, కుందేలు కదిలితే బాణంలా పోతుంది. ఉరికేదాన్ని చూస్తే వెంటపడటం దాని రక్తంలో ఉంది. మంద కాసే కుక్క గుణం దీనికి పూర్తిగా తిరగబడి ఉండాలి. గొర్రె ఉరికినా అది ఉరకకూడదు. ముధోల్‌ను చూపించి మంద కుక్క అని అమ్మేవాళ్లు ఉంటారు, జాగ్రత్త.

మరి మంద కుక్క గుణం ఏంటి? పోలీసు కుక్కలాగా చెప్పగానే చేయదు. మొండిది. తన బుర్రతో తాను తీర్పు చెప్పుకుంటుంది. పగలంతా సోమరిపోతులా పండుకుంటుంది, చీకటి పడితే మంద చుట్టూ తిరుగుతుంది. కొత్త మనిషో, కొత్త జంతువో కనబడితే ముందు అరుస్తుంది. తర్వాత మందకూ దానికీ మధ్యన వచ్చి నిలబడుతుంది. నూటికి తొంభైసార్లు పని అక్కడితోనే అయిపోతుంది. వెంటపడి దూరం పోయే కుక్క పనికిరాదు, అది అటు పోతే ఇటు మంద ఖాళీ. కరిచే కుక్కే కాపలా కుక్క అనుకోవడం పట్నపోళ్ల గేటు కాడ పుట్టిన ఆలోచన.

ఈ గుణంలో సగం జాతితో వస్తుంది, సగం పెంపకంతో వస్తుంది. డార్విన్ అనే శాస్త్రవేత్త పేరు బడి పుస్తకాల్లో చదివారు. ఆయన 1833లో దక్షిణ అమెరికాలోని ఇప్పటి ఉరుగ్వే ప్రాంతంలో తిరిగినప్పుడు అక్కడి కాపరి కుక్కలను చూసి రాశాడు. చాలా చిన్న వయసులోనే పిల్లను తల్లి నుంచి తీసి గొర్రె పాలు తాగించేవారట. దొడ్డిలోనే ఉన్నితో పక్క వేసేవారట. పెద్దయ్యాక ఆ కుక్క మందను విడిచిపోయేది కాదు. తర్వాత 1970ల చివర్లో అమెరికాలో కాపింజర్ దంపతులు టర్కీ, ఇటలీ, యుగోస్లావియా కుక్కలను తెచ్చి రైతుల మందల్లో పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లు తేల్చింది కూడా అదే. పుట్టిన నాలుగు నెలల లోపల పిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్లనే తనవాళ్లనుకుంటుంది. మనుషుల మంచాల కింద పెరిగితే మనుషుల కుక్క. గొర్రెల మధ్య పెరిగితే గొర్రెల కుక్క. ఆ వయసు దాటినదాన్ని లక్ష పెట్టి తెచ్చినా అది మీ ఇంటి ముందు మొరుగుతుందే గానీ, చేను కాడ మందతో పండుకోదు.

అందుకని మా సలహా సూటిగా చెబుతాం. రెండు నెలల పిల్లను తీసుకోండి. తల్లిదండ్రులు రెండూ మందల్లో పనిచేస్తున్నవై ఉంటే మన ఊరి జాతిదే అయినా సరిపోతుంది. దొడ్డిలో ఒక మూల తడిక కట్టి, నెమ్మదైన రెండు గొర్రెలతో కలిపి ఉంచండి. తిండి అక్కడే పెట్టండి. పిల్లలు దాన్ని ఎత్తుకొని ఊరంతా తిప్పకుండా చూడండి. మనిషి చెయ్యి తగలనీయొద్దని కాదు, డాక్టరు పట్టుకుంటే పట్టనిచ్చేంత మచ్చిక ఉండాలి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా దానికి కోతి వయసు. ఆటకు గొర్రెపిల్ల చెవి కొరుకుతుంది, ఉన్ని పీకుతుంది. అప్పుడే చాలామంది కర్ర తీస్తారు, లేదంటే గొలుసు వేస్తారు. రెండూ వద్దు. ఆ కొన్ని నెలలు చిన్న పిల్లలున్న దొడ్డిలోకి ఒంటరిగా వదలకండి, ముదురు కుక్క ఉంటే జతచేయండి, అదే దారిలో పెడుతుంది. రెండేళ్లు నిండితే గానీ పూర్తి కాపలాకు రాదు. ఇంకొకటి, ఏడెనిమిది కుక్కల గుంపు ముందు ఎంత పెద్దదైనా ఒంటరి కుక్క ఓడుతుంది. పెట్టగలిగితే రెండు పెట్టండి.

గొలుసు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. పగలూ రాత్రీ కట్టేసిన పెద్ద కుక్కకు పిచ్చి కోపం వస్తుంది. తెగిన రోజు ముందు దొరికేది పక్కింటి పసిబిడ్డే. పెంచుకున్న జంతువుతో జనానికి ప్రమాదం రాకుండా చూడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా ఉన్నాయి. 2024 మార్చిలో కేంద్రం కంగాల్‌తో సహా 23 జాతులను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టులు ఏం తేల్చినా, బిడ్డను కరిచాక జాతి పేరు అడిగి లాభం లేదు.

ఇక ఎండ. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికున్న దారి. టిబెటన్ మాస్టిఫ్ లాంటి దట్టమైన బొచ్చు కుక్కను యాసంగి కోతలయ్యాక వరి మళ్లల్లో మంద పెట్టే కాడ నిలబెడితే వడదెబ్బతో పోతుంది. కంగాల్ జాతి కుక్కలను 1994 నుంచి ఆఫ్రికాలోని నమీబియాలో మేకల మందలకు ఇస్తున్నారు, అక్కడి ఎండలో పనిచేస్తున్నాయి. నిజమే. కానీ అది పొడి గాలి, మన వానాకాలపు ఉక్క, బురద, గోమార్లు వేరు. ఏ కుక్కకైనా నీడ, రోజంతా నీళ్ల తొట్టి తప్పదు. రొప్పుతూ తూలితే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగలనిచ్చి, వెంటనే డాక్టరు కాడికి.

పెద్ద జాతి పిల్లకు తొందరగా బరువు పెంచాలని అతిగా మేపొద్దు, డాక్టరు చెప్పకుండా కాల్షియం సీసాలు తాగించొద్దు. కీళ్లు చెడతాయి. తిండి రెండు పూటలుగా పెట్టండి. కడుపునిండా తిన్న వెంటనే ఉరికితే పెద్ద కుక్కలకు జీర్ణాశయం ఉబ్బి మెలిపడి చనిపోయే ప్రమాదం ఉంది. గట్కలో మజ్జిగ, గుడ్డు, ఉడికించిన మాంసం ముక్కలు చాలు. ఉడికిన బొక్కలు వద్దు, చీలి గొంతులో గుచ్చుకుంటాయి.

అన్నిటికన్నా మన వాళ్లు పట్టించుకోనిది నట్టలు. చచ్చిన గొర్రె తలను కుక్క ముందు పడేస్తాం. ఆ మెదడులో బుడ్డలుంటే కుక్క కడుపులో బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి తిన్న గొర్రె మెదడులో మళ్లీ బుడ్డ. తల ఒకవైపు వాల్చి గుండ్రంగా తిరుగుతూ చచ్చే గొర్రెలను మీరంతా చూశారు. గాలి సోకిందని మంత్రం వేయించినవాళ్లూ ఉన్నారు. ఇలాంటి ఇంకో రకం పురుగు మనిషి కాలేయంలోనూ గడ్డలు పెడుతుంది. గొర్రెలకు నట్టల మందు తాగించే రోజు కుక్కకు కూడా డాక్టరు చెప్పిన మోతాదులో ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయండి, మూడు నెలలకోసారి. తల, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా పెట్టకండి, పూడ్చేయండి.

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పార్వో టీకా మొదలుపెట్టి, నాలుగు నెలల దాకా డాక్టరు చెప్పిన తేదీల్లో మళ్లీ వేయించాలి. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత ఏడాదికోసారి. ఎవరినైనా కుక్క కరిస్తే పసరు, కారం, సున్నం పెట్టొద్దు. పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. సర్కారు ఆసుపత్రిలో ఆ రోజు, 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించుకోవడం దాదాపు అసాధ్యం. కుక్క కరిచిన గొర్రె నోట్లో చెయ్యి పెట్టొద్దు, దాన్ని కోసి పంచుకోవద్దు.

కాపరులు చేయాల్సింది చెప్పాం. సర్కారు చేయాల్సింది కూడా ఉంది. కోళ్ల దుకాణాల వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ల ఎంగిళ్లు రోడ్డు పక్కన, కాలువ కట్ట మీద గుట్టలు పోస్తుంటే గుంపులు పెరగక ఏమవుతాయి? దాన్ని ఆపించే అధికారం పంచాయతీకి ఉంది. 2023 నిబంధనల ప్రకారం కుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. పట్నంలో కొద్దో గొప్పో జరుగుతోంది, మండలాల్లో ఆ ఊసే లేదు. కుక్కలు చంపిన గొర్రెలకు నష్టపరిహారం ఇవ్వాలి. బీమా లేని మందకూ వర్తించాలి.

జూలై 6న జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. కానీ మంద కుక్క ఆసుపత్రి కాడికి రాదు. అది వస్తే ఆ పూట మందను ఎవరు కాయాలి? మందు పెట్టె మంద కాడికే రావాలని మండల పశువైద్యాధికారికి వినతిపత్రం రాశాం. దొడ్డి ఎక్కడుంది, కుక్కలు ఎన్ని, నిరుడు ఎన్ని గొర్రెలు పోయాయి అన్నది ఊరివారీగా రాసిన పట్టికను దానికి జతచేయాలి. కాగితాలు ఈ బల్ల మీద ఉన్నాయి. పోయేముందు మీ వివరాలు రాయించి పోండి. రాయడం రానివాళ్లకు మా పిల్లలు రాసిపెడతారు.