పరీక్షకుని త్రాసు

చదువు ఒకటే, అనుభవము ఒకటే. పేరు మాత్రము వేరు. 2001, 2002 సంవత్సరములలో బోస్టన్, షికాగో నగరములందలి గుమాస్తా, అమ్మకపు ఉద్యోగములకు మరియన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఇట్టి కల్పిత దరఖాస్తులను దాదాపు 5,000 పంపిరి. శ్వేతజాతివారి పేరున్నచో 10 దరఖాస్తులకు ఒక పిలుపు వచ్చినది. నల్లజాతివారి పేరున్నచో 15 దరఖాస్తులకు ఒకటి.

పిలుపు వచ్చినను ఇంటర్వ్యూ మిగిలియే యుండును. కంప్యూటరు సంస్థలలో అభ్యర్థిని అక్కడికక్కడే ప్రోగ్రాము వ్రాయుమందురు. ఇది కేవలము ప్రజ్ఞాపరీక్ష యని తోచును. కాని చిక్కు ఎదురైనపుడు ఒకరికి చిన్న సూచన అందవచ్చును. మరియొకరికి మౌనమే దక్కవచ్చును. ‘ఇతడు మనలో కలియునా’ అని తలచు పరీక్షకుడు తెలియకయే తన పోలికను వెదకును. 2014లో గూగుల్ సంస్థ ప్రకటించిన లెక్కల ప్రకారము అమెరికాలోని దాని సాంకేతికోద్యోగులలో నల్లజాతివారు నూటికి 1 మాత్రమే.

పరీక్షకుని మనస్సు మంచిదైన చాలదా? చాలదని 1971లో గ్రిగ్స్, డ్యూక్ పవర్ కంపెనీల వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు తేల్చినది. పనితో సంబంధము లేని పరీక్ష ఒక జాతివారిని తొలగించుచున్నచో, ఉద్దేశము మంచిదైనను అది చెల్లదు.

కావున పద్ధతి మారవలెను. అందరికిని పనికి సంబంధించిన ఒకే ప్రశ్నలు వేయవలెను. ఎట్టి జవాబునకు ఎన్ని మార్కులో ముందే నిర్ణయింపవలెను. పరీక్షకులు తమలో తాము చర్చించుకొనక మునుపే మార్కులు వ్రాసి యుంచవలెను.

అమెరికాలో తెలుగువారు నేడు ఆ బల్లకు రెండు వైపులను కూర్చుండుచున్నారు. తన పేరు పలుకలేని పరీక్షకుని యెదుట నిన్న కూర్చున్నవాడు నేడు మరియొకని పేరు చదువుచున్నాడు. త్రాసు ఇపుడు అతని చేతిలో నున్నది.