సంతకానికి ముందు ఒక్కసారి చదవండి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు బెంజ్ సర్కిల్ వద్ద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను దయాభిక్ష కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ ఫలం అనుభవిస్తున్న మనం ఇంకొకరి హక్కు గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం సబబు.

మన మనుమలుండే అమెరికాలో పసిపిల్లలను చూసుకోవడానికి పరాయి దేశాల నుంచి వచ్చే అమ్మాయిలను 'ఓ పేర్' అంటారు. వారికి జె-1 వీసా ఉంది. వయస్సు 18 నుంచి 26. పని వారానికి 45 గంటలు మించరాదు. అదే పనికి మన జిల్లాల ఆడపడుచులు కువైట్, మస్కట్ వెళుతున్నారు. ఎటొచ్చీ, ఏ వీసా మీద వెళుతున్నారో చాలామందికి తెలియదు.

నా తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా ఇంట పనిచేసే ఆమె ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి, "సాక్షి సంతకం పెట్టండి బాబుగారూ, కువైట్ పోతున్నా" అంది. పెట్టేశాను. ముప్ఫై నాలుగేళ్లు ఫైలు చదవనిదే నోటు రాయని గుమాస్తాను, ఆ రోజు చదవలేదు! ఏజెంటు ఆమెను విజిట్ వీసా మీద పంపాడు. పాస్‌పోర్టు యజమాని దాచుకున్నాడు. చివరి ఐదు నెలల జీతం ఇవ్వలేదు. ఫిర్యాదు చేద్దామంటే కాంట్రాక్టు లేదు. కాగితాల ప్రకారం ఆమె పనిమనిషి కాదు, చుట్టపుచూపుగా వెళ్లిన మనిషి. తిరిగొచ్చాక, "ఆ కాగితంలో ఏముంది బాబుగారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు కూర్చుని నిబంధనలు చదివాను. పదో తరగతి పాసు కానివారికి ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వారు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆడవారికి 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ఇంటిపనికి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. అనుమతి ఉంటే కాంట్రాక్టు రికార్డులో ఉంటుంది, 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పోతే రెండూ ఉండవు. ఏజెంటు వయస్సు దాటవేసేదీ, అనుమతి దాటవేసేదీ ఈ దొడ్డిదారినే.

కువైట్‌లో సైతం 2015 నాటి 68వ నంబరు చట్టం పనివారి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదంటుంది. రోజుకు 12 గంటలకు మించి పని కూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి. కాంట్రాక్టు చేతిలో ఉన్నప్పుడే ఈ చట్టం అక్కరకొస్తుంది.

కాబట్టి మీ ఇంటికి ఎవరైనా కాగితం తెస్తే మూడు చూడండి: వీసా పనిదా, విజిట్‌దా? ఎమిగ్రేషన్ అనుమతి ఉందా? కాంట్రాక్టులో జీతం ఎంత అని రాశారు? ఒక జిరాక్సు ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచమనండి.

మనకు చూపు మందగించింది గాని, కాగితం చదివే అలవాటు పోలేదు. ఆ అలవాటు ఒక ఆడకూతురికి అక్కరకొస్తే, మన సర్వీసు ఇంకా పూర్తికానట్టే.

సెలవు.